ఒక్క ఓటు తక్కువ

ఓటు వేయడం తప్పనిసరి చేయాలా వద్దా అని టీవీలో పెద్దమనుషులు వాదించుకుంటుంటే నాకు నవ్వు వస్తుంది. మా ఊళ్లో అది ఎప్పుడో అయిపోయింది. చట్టం రాలేదు, అంతే. చట్టం కోసం ఆగకుండా మా గ్రామ కమిటీయే తీర్మానం రాసుకుంది. ఆ తీర్మానం కింద ఆడవాళ్లలో మొదటి సంతకం నాది. వేలిముద్ర కాదు, సంతకం. ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశాను. ఒక్క అక్షరం వంకర పోలేదని ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మాది కొండగట్టుకు పోయే దారిలో రోడ్డు దిగి, వాగు దాటితే వచ్చే ఊరు. వానాకాలంలో వాగు పొంగితే ఊరు ఊరంతా ఇవతలే ఉండిపోతుంది. వంతెన కడతామని ప్రతి ఎన్నికలకూ ఎవరో ఒకరు వచ్చి చెబుతారు. కొబ్బరికాయ కొట్టిన రాళ్లు మూడు ఉన్నాయి వాగు ఒడ్డున. వాటి మీద బట్టలు ఉతుకుతాం.

మా దిక్కు ప్రతి ఊరికీ ఒక కమిటీ ఉంటుంది. సర్కారు పెట్టింది కాదు. కులానికి ఇద్దరు చొప్పున పెద్దమనుషులు కూర్చుంటారు. చెరువులో చేపలు ఎవరు పట్టాలి, ఊరి నడుమ రాయికి బొడ్రాయి పండుగ ఎప్పుడు చేయాలి, అన్నీ వాళ్లే తేలుస్తారు. వాళ్ల మాట వినని ఇంటికి ‘మాట బంద్’ పెడతారు. ఆ ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడరు. కిరాణం దుకాణంలో ఉప్పు పుట్టదు. మంగలి గడ్డం గీయడు. పంచాయతీ ఎన్నికలప్పుడు ఇదే కమిటీ సర్పంచును ఏకగ్రీవం చేసి, ఈసారి ఓటు అవసరం లేదు, ఎవరూ నామినేషన్ వేయొద్దు అన్నది. సరేనన్నాం. అసెంబ్లీ ఎన్నికలు వచ్చేసరికి అందరూ వేయాల్సిందే అన్నది. దానికీ సరేనన్నాం.

ఆ మీటింగు పంచాయతీ ఆఫీసు ముందర జరిగింది. నా మరిది, అంటే నా మొగుని తమ్ముడు, కమిటీలో ఉన్నాడు. అధ్యక్షుని పక్క కుర్చీ ఆయనది.

“నూటికి నూరు పడాలె,” అన్నాడు అధ్యక్షుడు. “తొంభై తొమ్మిదంటె కుదరది. గీ ఊరు ఒక్క మాట మీద ఉంటదని నాయకునికి తెల్వాలె. గప్పుడు వంతెన ఎట్ల రాదో నేను చూస్త.”

“ఎయ్యనోళ్లను ఏం జేస్తరు?” అని వెనుకనుంచి ఎవరో అడిగారు.

“మాట బంద్.”

“మా అత్త మంచం దిగది గదనే.”

“మంచం తోనే తెండ్రి. నలుగురం మోస్తం. ఎన్నటికైనా మోసేదే గద, ఇప్పుడొకసారి అలవాటైతది.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకోలేదు, లేచి నిలబడి, “మాట బంద్ ఒక్కటే సాలదు, ఎయ్యనోనికి రేషన్ బియ్యం గూడ బంద్ పెట్టాలె,” అన్నాను. చప్పట్లు కొట్టారు. “మా వదినె మాట్లాడితె కలెక్టరు మాట్లాడినట్టె,” అన్నాడు మరిది. నాకు సంబరమైంది. వెంటనే పోయి సంతకం పెట్టాను.

ఓటు వేయనివాళ్లంటే నాకు మొదటినుంచీ మంట. నేను ఒక్క ఓటు తప్పలేదు. బాలింతగా ఉన్నప్పుడు తలకు గుడ్డ కట్టుకొని పోయి వేశాను. చలిజ్వరంలో వేశాను. అక్షరం రాని రోజుల్లో కూడా గుర్తు చూసి ముద్ర గుద్ది వచ్చాను. ఊళ్లో భూములుండి కరీంనగర్‌లో మేడలు కట్టుకున్నవాళ్లు ఆ రోజు సెలవని ఇంట్లో పేకాట ఆడుకుంటారు, ఐదేళ్లూ దేశం చెడిపోయిందని మాకు చెబుతారు. వాళ్లను మెడపట్టి తెచ్చి వేయించాలని నా కోరిక. కాబట్టి నన్నెవరూ మోసం చేసి సంతకం పెట్టించుకోలేదు.

ఒక్క మాట మాత్రం అడగాల్సింది, అడగలేదు. మా ఊళ్లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నారు. దుబాయి, మస్కట్, సౌదీ. వాళ్ల పేర్లన్నీ ఓటరు జాబితాలోనే ఉన్నాయి. నూటికి నూరు అంటే వాళ్లవీ పడాలి. ఎట్లా పడతాయి? అది నాకు తట్టలేదని రాద్దామనుకున్నాను, కానీ అది అబద్ధం. తట్టింది. మా ఇంట్లో ఇప్పుడు గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఎవరూ లేరు కదా, నాకెందుకు అనుకున్నాను. ఉన్న ఒక్కాయన అక్కడే చచ్చిపోయాడు.

నా పుట్టిల్లు ఆదిలాబాద్ జిల్లా, ఇచ్చోడ దిక్కు. మరాఠీ కలిసిన నా మాట విని అత్తగారింట్లో పడీ పడీ నవ్వేవాళ్లు. అందుకని మాట తగ్గించి, చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టడం పట్టుకున్నాను. మాకు ఒక్కతే బిడ్డ. దానికి ఐదేళ్లప్పుడు ఆయన మస్కట్ పోయాడు. ఆయన ఐదో తరగతి దాకా చదివాడు, ఉత్తరం రాయగలడు. నాకు అ ఆలు కూడా రావు. రెండు నెలలకో ఉత్తరం వచ్చేది. చదివి వినిపించేది మరిది. అప్పుడు మరిదికి ఇరవై, ఇరవై రెండేళ్లు ఉంటాయి. అరుగు మీద కూర్చొని, బస్సు కండక్టరు ఊళ్ల పేర్లు పిలిచినట్టు గబగబా చదివేవాడు. నేను బాగున్నాను, మీరు బాగున్నారా, ఎండ మస్తుగ ఉన్నది, అవ్వను దవాఖానకు తీసుకపోండ్రి.

“గంతేనా?” అనేదాన్ని.

“గంతే వదినె.”

కాగితానికి అటూ ఇటూ నిండుగా రాసి ఉండేది. నేను పది బీడీలు చుట్టేలోపు చదవడం అయిపోయేది. రాత అంటే ఇంతే కాబోలు, ఎంతో గీస్తే కొంత మాట వస్తుంది అనుకున్నాను. బిడ్డకు చదువు వచ్చేసరికి ఫోన్లు వచ్చి ఉత్తరాలు ఆగిపోయాయి; పాతవి దానితో చదివించాలని, అది పెళ్లయి పోయేదాకా నాకు తోచలేదు.

ఆయన మస్కట్ పోయిన తర్వాత వచ్చిన మొదటి ఎన్నికలనాడు మరిది రెండు వేళ్లకూ సిరా పెట్టుకొని నవ్వుకుంటూ ఇంటికి వచ్చాడు. “అన్నది గూడ ఏసొచ్చిన వదినె, ఖరాబు కానియ్యలే,” అన్నాడు. నేను చాయ్ చేసి ఇచ్చాను. గల్ఫ్ పోయినవాళ్ల ఓటు ఇంట్లో మగపిల్లలు వేయడం అప్పట్లో మా ఊళ్లో ఎవరికీ తప్పు అనిపించలేదు. పాలు విరిగిపోకముందే కాచి తోడు వేసినట్టు చూసేవాళ్లం. తర్వాత ఆయన సెలవుకు వచ్చినప్పుడు, అన్నం పెడుతూ నేనే గొప్పగా చెప్పాను, నీ ఓటు పోలేదు, తమ్ముడు వేసిండు అని. ఆయన సగం అన్నంలో చేయి కడుక్కున్నాడు. దారిలో ఎండ దెబ్బ తగిలిందేమో అనుకున్నాను.

పదిహేడేళ్లు అక్కడ చేసి ఆయన చచ్చిపోయాడు. గుండె ఆగింది అన్నారు. అక్కడ పోయిన మావాళ్లందరికీ గుండే ఆగుతుంది. గోడ మీద పడ్డవానికీ, ఎండలో కూలిపోయినవానికీ గుండే ఆగుతుంది. రెండు నెలలకు పెట్టె వచ్చింది. పెట్టెతోపాటు అరబ్బీలో ఒక కాగితం వచ్చింది.

మరుసటి ఏడు అంగన్‌వాడీలో మధ్యాహ్నం పూట మహిళా సంఘం ఆడవాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. నాకు నలభై ఏడేళ్లు. అ రాయడానికి వారం పట్టింది. ఆకు మడిచే వేళ్లలో బలపం ఆగదు, జారిపోతుంది. పట్టు వదలలేదు. ఎందుకంటే ఆయన ఉత్తరాలన్నీ బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. కూడబలుక్కుంటూ, వేలు పెట్టి, ఒక వానాకాలమంతా వాటినే చదివాను.

మరిది నాకు చదివింది సగమే. నీ మణికట్టు నొప్పి తగ్గిందా అని అడిగాడు ఒక ఉత్తరంలో. ఇక్కడ బీడీ వాసన వస్తే నువ్వే గుర్తుకు వస్తవు అని రాశాడు ఇంకోదానిలో. ఇట్లాంటివి వదినె ముందు చదవడానికి పడుచు పిల్లగానికి సిగ్గయి ఉంటుంది. దానికి నేను కోపం చేసుకోలేదు. చదువుకొని ఒక్కదాన్నే నవ్వుకున్నాను, ఏడ్చాను.

కానీ ఒక ఉత్తరంలో ఇట్లా ఉంది. “ఓట్లు వస్తున్నయని మనోళ్లు చెప్పుకుంటున్నరు. నా ఓటు ఎవ్వరిని వేయనియ్యకు. ఇక్కడ పాసుపోటు సేటు దగ్గర ఉన్నది. తిండి, పని, పండుకునేది అన్ని వాళ్లు చెప్పినట్టె. నాది అనేది ఊళ్లె అదొక్కటి ఉన్నది. ఖాళీగ ఉన్నా మంచిదె. ఉండనియ్యి.”

ఆ నాలుగు వరుసలు నాకు చేరడానికి పదహారేళ్లు పట్టింది. సగం అన్నంలో ఆయన ఎందుకు చేయి కడుక్కున్నాడో అప్పుడు తెలిసింది. ఆయన లేడు. మరిదిని ఏమని అడగాలి? అడగలేదు. డబ్బా మూత పెట్టేశాను.

ఇక నా తప్పు చెబుతాను. ఆయన పోయినా పేరు ఓటరు జాబితాలో అట్లాగే ఉండిపోయింది. తీసేయించడానికి ఒకసారి మండలం ఆఫీసుకు పోయాను. పంచాయతీ రిజిస్టర్‌లో చావు ఎక్కలేదు, ఎక్కడ చచ్చిండో అక్కడి కాగితం తేవాలె అన్నారు. అరబ్బీ కాగితం చూపిస్తే, ఇది ఎవలు చదవాలె అన్నారు. కరీంనగర్‌లో గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన దగ్గరికి పట్టుకుపోయాను. ఉర్దూ చదివిన మనిషి. అద్దం పెట్టుకొని చూశాడు. “పేరున్నది అమ్మా, తారీఖున్నది. దిల్ బంద్ అయ్యిందని ఉన్నది. ఇంకేం లేదు. జర ధైర్యం చేసుకో,” అన్నాడు. ఆయనతో చదివించుకొని ఇంటికి వచ్చాను. మళ్లీ ఆఫీసుకు పోలేదు.

పోకపోవడానికి కారణం వేరే ఉంది. ఓటరు జాబితాలో ప్రతి పేరు పక్కనా వయసు ఉంటుంది. చదువు వచ్చాక పంచాయతీ గోడ మీద అంటించిన జాబితాలో ఆయన పేరు నేనే వెదికి పట్టుకున్నాను. యాభై ఒకటి అని ఉంది. అప్పటికి ఆయన పోయి ఏడాది. తర్వాతి జాబితాలో యాభై ఆరు. ఆ తర్వాత అరవై ఒకటి. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఏ జాబితా చూసినా ఆ నాలుగేళ్లూ అట్లాగే ఉన్నాయి. నాతోపాటు ముసలివాడు అవుతున్నాడు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా అంగన్‌వాడీ ఆమె మా ఇంటికి రెండు ఓటరు చీటీలు తెచ్చేది. “తీసేయించు పెద్దమ్మ,” అనేది. “సూద్దాం తియ్,” అనేదాన్ని. నా చీటీ పట్టుకొని పోయి ఓటు వేసి వచ్చి, ఆయన చీటీ డబ్బాలో పెట్టుకునేదాన్ని. అది ఖాళీగా ఉంది కదా, ఆయన అడిగినట్టే ఉంది కదా అని ఒక తృప్తి.

ఆ తీర్మానం ఏడు ఆమె ఒక్క చీటీయే తెచ్చింది.

“ఆయనది?” అన్నాను.

“గల్ఫోళ్లవన్నీ కమిటోళ్లు తీస్కపోయిన్రు పెద్దమ్మ. మీది గూడ దాంట్లనే కలిపిన్రు.”

మరిది ఇంటికి పోయాను. “మీ అన్న చీటీ ఇయ్యి,” అన్నాను.

“ఏడనో కట్టల ఉంటది వదినె. ఎతికి ఇస్త తియ్. ఫికర్ చెయ్యకు,” అన్నాడు, ఫోను చెవి దగ్గరినుంచి తీయకుండా. వెదికి ఇవ్వలేదు. మరునాడే పోలింగు.

పోలింగు మా ఊరి బడిలో. ఆడవాళ్లది ఒక వరుస, మగవాళ్లది ఒక వరుస. అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు లోపలికి పోతున్నారు. మంచంలోని ముసలమ్మను నిజంగానే మంచంతో తెచ్చారు. ఆమె ఎండకు కళ్లు మూసుకొని, “కొండగట్టుకు వచ్చినమా?” అని అడుగుతోంది. నేను గడప దగ్గరికి వచ్చాను. నా ముందున్నామె వేసి పోయింది. లోపల బల్ల దగ్గర కూర్చున్న టీచరమ్మ, ఎక్కడో వేరే మండలం నుంచి డ్యూటీకి వచ్చినామె, జాబితాలో నంబరు చూసి, గట్టిగా ఒక పేరు చదివింది. తండ్రి పేరు కూడా చదివింది.

ఆ పేరు ఎవరైనా గట్టిగా పిలవగా విని పదిహేడేళ్లు అయింది. మొగుని పేరు నేను పలకను. మిగిలినవాళ్లు అన్న అంటారు, పెదనాయన అంటారు. ఆ పేరు చెవిన పడగానే, ఆయన చెప్పులు విడిచి లోపలికి వస్తున్నట్టే ఒక్క క్షణం అనిపించింది.

“ఉన్న,” అన్నాడు నా మరిది.

“ఆయన సచ్చిపోయిండు,” అన్నాను నేను గడపలోనుంచి.

టీచరమ్మ తల ఎత్తింది. “మీరెవరమ్మా?”

“ఆ పేరుగలాయన పెండ్లాన్ని.”

ఆమె జాబితాలో ఫోటో చూసింది, మరిదిని చూసింది. ఎప్పుడో సెలవుకు వచ్చినప్పుడు ఆయన దిగిన ఫోటో. అన్నదమ్ములది ఒకటే ముక్కు. మరిది చేతిలో ఆయన ఓటరు కార్డు కూడా ఉంది. అది ఎప్పటినుంచి వాళ్లింట్లో ఉందో నాకు తెలియదు. గోడ పక్కన ముగ్గురు ఏజెంట్లు కూర్చున్నారు. మూడు పార్టీలు, ముగ్గురూ మా ఊరివాళ్లే, ముగ్గురూ ఆయన దినాలకు వచ్చి అన్నం తిన్నవాళ్లే.

“ఏజెంట్లు చెప్పండి. ఇతనేనా?”

“ఆయననే మేడం.”

“ఆయననే.”

మూడో అతను నేల చూశాడు. “ఆఁ, ఆయననే,” అన్నాడు. మూడు పార్టీలు ఒక్క మాట మీద నిలబడడం నేను ఆ ఒక్క రోజే చూశాను.

“మా వదినెకు మతి సక్కగ లేదు మేడం,” అన్నాడు మరిది. “అన్న పోయినకాన్నుంచి గిట్లనే మాట్లాడుతది.”

“ఏ అన్న?” అన్నాను. “నువ్వే మీ అన్నవైతె పోయినోడు ఎవడు?”

మగవాళ్ల వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అధ్యక్షుడు బయటినుంచి ఒక చూపు చూడగానే నవ్వు ఆగింది. టీచరమ్మకు అంతా అర్థమైంది. అది ఆమె ముఖంలో కనిపించింది. బయట వరుస బడి గేటు దాటి ఉంది. సాయంత్రం మిషన్లకు సీలు వేసి, వాగు దాటి పోవాల్సిన మనిషి.

“చనిపోయినట్టు కాగితం ఉందా అమ్మా?”

“ఇంట్ల ఉన్నది.”

“తెచ్చి చూపించండి, రాసుకుంటాను,” అన్నది, తల దించుకొని.

నేను ఇంకా గడపలోనే ఉన్నాను. మరిది అట్ట వెనక్కి పోయాడు, ఓటు మిషన్ కుయ్‌మన్నది.

బీడీ ఆకు నా వేళ్ల గీతలు తినేసింది. రేషన్ దుకాణంలో వేలు పెడితే మిషన్ నన్ను గుర్తుపట్టదు, నువ్వు నువ్వు కాదంటుంది. చచ్చిపోయి పదిహేడేళ్లయిన మనిషిని మాత్రం ఆ రోజు బడిలో అందరూ గుర్తుపట్టారు.

“తర్వాత,” అన్నది టీచరమ్మ. తర్వాత నేనే. చీటీ చేతిలోనే ఉంది. వెనక్కి తిరిగి నడిచి ఇంటికి వచ్చేశాను. జీవితంలో మొదటిసారి.

మూడు గంటలప్పుడు అధ్యక్షుడూ మరిదీ వచ్చారు. నేను చాట ముందు కూర్చొని ఉన్నాను.

“అందరియి పడ్డయి చిన్నమ్మ,” అన్నాడు అధ్యక్షుడు. “నీదొక్కటె ఉన్నది. ఒక్క ఓటు తక్కువైతె ఊరి పరువు పోతది. నడువు, బండి తెచ్చిన.”

“కాళ్లున్నయి నాకు.”

“మరింక ఏంది?”

లేచి పోయి డబ్బా తెచ్చాను. ఆ ఉత్తరం తీసి మరిది చేతిలో పెట్టాను. “సదువు,” అన్నాను.

“ఇప్పుడు ఉత్తరాలేంది వదినె? టైమైతున్నది.”

“సదువు. సదివినంక మాట్లాడుదాం.”

కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల కింద ఎట్లా చదివాడో అట్లాగే గబగబా చదివాడు. నేను బాగున్నాను, మీరు బాగున్నారా, ఎండ మస్తుగ ఉన్నది, అవ్వను దవాఖానకు తీసుకపోండ్రి. ఆగాడు.

“గంతేనా?” అన్నాను.

“గంతే వదినె,” అన్నాడు, పాత అలవాటు కొద్దీ. అని నా ముఖం చూశాడు. నాకు చదువు వచ్చిన సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది మరిదికి.

మిగిలింది నేను చెప్పాను. కాగితం మరిది చేతిలోనే ఉంది, నేను చూడకుండా చెప్పాను. నా ఓటు ఎవ్వరిని వేయనియ్యకు. నాది అనేది ఊళ్లె అదొక్కటి ఉన్నది. ఖాళీగ ఉన్నా మంచిదె. ఉండనియ్యి.

మరిది అద్దాలు తీసి కాగితం మడిచాడు. “గప్పుడు నేను పోరన్ని,” అన్నాడు.

“ఇప్పుడు?”

“ఇప్పుడు ఊరికోసం ఏసిన. నా కోసమా? వంతెన నా ఇంటి ముందట కడ్తరా? అయినా సచ్చినోనికి ఏం పోయింది వదినె, నువ్వే చెప్పు.”

“ఆయన అడిగింది అదొక్కటే,” అన్నాను. “గది గూడ నువ్వే తీస్కున్నవ్. ఆయన మాట నీ నోట్లనే ఆగింది. ఆయన ఓటు నీ వేలుకే పోయింది.”

అధ్యక్షునికి ఓపిక పోయింది. “అన్నదమ్ముల పంచాయతి రేపు పెట్టుకుందాం. తీర్మానం మీద ఆడోళ్లల్ల మొదటి సంతకం ఎవలది? నువ్వే గద బియ్యం బంద్ పెట్టాలన్నది?”

“నేనే. పెట్టుకోండ్రి.”

ఐదు గంటల దాకా నా గుమ్మం ముందు ఎవరో ఒకరు నిలబడే ఉన్నారు. ఐదు దాటాక ఒక్కొక్కరే పోయారు. పోతూ ఎవరూ ఏమీ అనలేదు. మాట బంద్ అప్పటికే మొదలైందన్నమాట.

అది ఎట్లా ఉంటుందో పడినవాళ్లకే తెలుసు. బీడీ కార్ఖానాలో నాకు ఆకు, తంబాకు ఇవ్వడం ఆపేశారు. వాగు దాటి పక్క ఊరి కార్ఖానాకు పోయి తెచ్చుకుంటున్నాను. ఉప్పు, పప్పు కూడా అక్కడినుంచే. రేషన్ బియ్యం కూడా ఆపారు. మహిళా సంఘం చాప మీద నా పక్కన జాగా ఖాళీగా ఉంచారు. నేను వేయమన్న శిక్షే నాకు వేశారు. అన్యాయం అనడానికి నోరు లేదు.

ఆ నాయకుడు గెలిచాడు. వంతెన రాలేదు. ఒక్క ఓటు తక్కువైంది కాబట్టి రాలేదని ఊరంతా అంటుంది. ఏ నాయకుడూ అట్లా ఒక్కటి ఒక్కటి చూసుకోడని చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. అయినా వాగు పొంగిన రోజు నేను ఇంట్లోంచి బయటికి రాను. ఆ వానాకాలం నొప్పులు వస్తున్న ఒక పిల్లను మంచం మీద వాగు దాటించబోయి, నీళ్లు తగ్గేదాకా ఒడ్డునే ఆగాల్సి వచ్చింది. బిడ్డ దక్కలేదు. రెండు రోజులకు ఆ పిల్ల అత్త వచ్చి నా ఇంటి ముందు నిలబడింది. మాట బంద్ కదా, నాతో అనలేదు. నా గోడతో అన్నది: “ఒక్క ఓటు ఏస్తె ఏం పోయేది?”

లోపల కూర్చొని విన్నాను. గోడ ఏమంటుంది?

తప్పనిసరి చేయాలనేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. మీరు పేకాట ఆడుకునేవాళ్లను మనసులో పెట్టుకొని చట్టం అడుగుతారు. నేనూ వాళ్లనే మనసులో పెట్టుకొని సంతకం పెట్టాను. వాళ్లు ఆ రోజు ఏసీ కారులో వచ్చి, దిగి, ఓటు వేసి, ఫోటో దిగి పోయారు. వాళ్లకు ఏ బాధా లేదు. భయపడింది మేము. భయపెట్టి వేయించిన ఓటు భయపెట్టినవానిదే అవుతుంది, వేసినవానిది కాదు. వేయనివాళ్లంటే నాకు ఇప్పటికీ మంటే. ఆ మంట వేరు, పక్కవాని చేయి పట్టి లాగడం వేరు. ఇది తెలుసుకోవడానికి అంత దూరం పోవాల్సి వచ్చింది.

ఈ ఏడు ఆయన పేరు తీసేయించడానికి కూర్చున్నాను. ఇంకో ఎన్నికలకు ఇంకెవరో ఆయన అవుతారు, అందుకని. ఫారం అంగన్‌వాడీ ఆమె కిటికీలోంచి వేసి పోయింది, మాట్లాడకుండా. నేనే నింపాను. తొలగించడానికి కారణం అన్నచోట ‘చనిపోయినాడు’ అని రాశాను. వయసు అన్నచోట ఆగాను. ఆయన పోయింది యాభై ఏట. జాబితాలో అరవై ఎనిమిది. ఇన్నేళ్లూ నాతో వచ్చిన ఆ పద్దెనిమిదేళ్లను ఏం చేయాలి? చివరికి జాబితాలో ఉన్నదే రాశాను.

అరబ్బీ కాగితం చెల్లదని, మండలం ఆఫీసులో ఊరివాళ్లెవరైనా అవును చనిపోయాడు అని సాక్షి సంతకం పెట్టాలన్నారు. మాట బంద్ ఉన్న మనిషికి ఎవరు పెడతారు? మూడు రోజులు కాగితం చాటలోనే ఉంది.

నాలుగోనాడు పొద్దున మరిది వచ్చాడు. గేటు దగ్గర అటూ ఇటూ చూసి లోపలికి వచ్చాడు. ఎవరు చెప్పారో నేను అడగలేదు.

“పెన్నున్నదా?” అన్నాడు.

ఇచ్చాను. అరుగు మీద కూర్చున్నాడు, ఉత్తరాలు చదివేటప్పుడు కూర్చునే చోటే. అద్దాలు పెట్టుకొని, ఈసారి మొదటినుంచి చివరిదాకా ఒక్కో మాటా చదివాడు. తర్వాత కింద సంతకం పెట్టాడు. తన పేరే రాశాడు. పక్కన ‘తమ్ముడు’ అని రాశాడు.

లేచి చెప్పులు వేసుకుంటూ అన్నాడు, “ఊరికి ఇంకో ఓటు తగ్గింది.”

“నీది నీకున్నది గద. గదొక్కటి ఏసుకో.”

“వచ్చేసారి నువ్వు ఎయ్యాలె వదినె. కమిటీల నేను మాట్లాడుత, బంద్ ఎత్తేస్తరు. కానీ తప్పక ఎయ్యాలె.”

ఫారం మడిచి డబ్బాలో ఉత్తరాల మీద పెట్టాను. మండలానికి పోయే ఆటో వచ్చే టైమైంది.

“బుద్ధి పుడితె ఏస్త,” అన్నాను.